ఏరు వెనక్కి తిరిగిన ఏడాది

మా అమ్మ పోయేదాకా నా ఉద్యోగమేమిటో ఆవిడకు అంతుపట్టలేదు. మలాయాలో బంటింగ్ దగ్గర రబ్బరు ఎస్టేటులో మా నాన్న కెరాణీ, అంటే గుమాస్తా. కొడుకు కూడా నీడపట్టున కూర్చుని కలం పట్టే పనిలో చేరతాడని ఆవిడ ఆశ. నేనేమో సర్కారువారి నీళ్ల శాఖలో చేరి నదుల వెంటా, చిత్తడి అడవుల వెంటా తిరిగే పని తగిలించుకున్నాను. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా నిలదీసేది.

"నీళ్లు ఎంత లోతున్నాయో సూడ్డానికి నీకు జీతవేటిరా? కర్ర గుచ్చి సూస్తే తెల్దా?"

"చూడటమే కాదమ్మా, వచ్చే వానాకాలంలో ఎంత పెరుగుతాయో ముందే చెప్పాలి."

"ఓలమ్మా! జోస్యం సెప్పే పనని సెప్పకూడదేటి? పక్కింటోలతో సెప్పుకోడానికైనా బాగుంటాది లా."

మాట చివర ఆ 'లా' మలాయిలోంచి మా అందరి నాలుకకూ అంటుకున్నదే. ఇప్పుడు కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఇంటి బాల్కనీలో కూర్చుని ఇది రాస్తున్నాను. మా తమ్ముడి మనవరాలు ఈమధ్య నేను చేసిన పనిలోనే చేరింది. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం నవ్వి తప్పించుకుంటుంది. మొన్న వచ్చి, "తాతయ్యా, మీరు కంప్యూటర్ లేకుండా ఎలా చెప్పేవారు?" అని ఇంగ్లీషులో అడిగింది. ఏదో రెండు ముక్కల్లో చెప్పి పంపేశాను గానీ అది వెళ్ళాక మనసు ఊరుకోలేదు. అందుకని ఈ పని పెట్టుకున్నాను. చదివి వినిపించే పూచీ వాళ్ల నాన్నది.

ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ ఊరికి బదిలీ అయింది, ఇవేవీ రాయను. వాటివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఈ పని అసలు ఏమిటో నాకు నేర్పిన ఒక సరస్సు గురించీ, కొందరు మనుషుల గురించీ రాస్తాను. వాళ్లకు నేను ఋణపడి ఉన్నాను.

కంచె లోపలి ఊరు

ఎమర్జెన్సీ అంటే ఇండియాలో ఇందిరమ్మ కాలంలో వచ్చింది కాదు. మలాయాలో మాకు అంతకు చాలా ముందే వచ్చింది. జపానువాళ్లు పోయి ఇంగ్లీషువాళ్లు మళ్లీ వచ్చాక, కమ్యూనిస్టు దళాలు అడవుల్లో చేరి వాళ్ల మీద యుద్ధం మొదలుపెట్టాయి. అడవి అంచున ఉన్న జనం ఆ దళాలకు తిండి పెడుతున్నారని సర్కారుకు అనుమానం. అందుకని ఎక్కడెక్కడి కుటుంబాలనో లేపుకొచ్చి, చుట్టూ ముళ్లకంచె వేసి, కొత్త ఊళ్లు కట్టారు. సాయంత్రమైతే గేటుకు తాళం. ఇక తెల్లారేదాకా ఎవరూ బయటికి రాకూడదు. పగలు పొలానికో చేపలకో వెళ్ళేవాళ్ళను గేటు దగ్గర సోదా చేసేవారు. ముఖ్యంగా బియ్యం. పిడికెడు పచ్చి బియ్యం కొంగున కట్టుకుని గేటు దాటినా జైలే.

నేను చెప్పబోయే సరస్సు పహాంగ్ రాష్ట్రం లోపలి ప్రాంతంలో ఉంది. మలాయిలో సరస్సును తాసిక్ అంటారు. మేమంతా దాన్ని ఉత్తినే తాసిక్ అనేవాళ్లం. పైన కొండలు, వాటి కింద చిత్తడి అడవి, ఆ అడవి నీళ్లన్నీ దిగేది తాసిక్‌లోకి. తాసిక్ నుంచి ఒక ఏరు బయలుదేరి అడవిలో వంకలు తిరుగుతూ పోయి పహాంగ్ నదిలో కలుస్తుంది.

అంతకుముందు ఆ ఒడ్డున మలాయి జాలరులు, కాయగూరలు పండించే కొన్ని చీనా కుటుంబాలు ఎవరికి నచ్చినచోట వాళ్లు ఉండేవారు. నీళ్లు పెరిగితే గుమ్మానికి కట్టిన పడవెక్కి మెరకకు పోయేవారు, తగ్గాక తిరిగొచ్చేవారు. కంచె వచ్చాక అందరినీ ఒడ్డు పక్కన చదునైన పల్లంలో ఒక్కచోట పెట్టారు. జీపు దారి అక్కడిదాకానే ఉంది మరి. పడవలన్నిటినీ పోలీసులు గొలుసుకు కట్టి తాళం వేశారు, పగటిపూట అడిగి తీసుకోవాలి. దగ్గర్లో రబ్బరు తోట ఉన్న మెరక ఒకటి ఉందిగానీ, అక్కడికి వెళ్లే బాట ఊరికంటే పల్లంలోంచి పోయేది. ఆ స్థలం ఎంచినప్పుడు మా శాఖను ఒక్కమాట అడిగినవాళ్లు లేరు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎప్పుడంటే అప్పుడు పడవెక్కే వీలు లేనప్పుడు, నీళ్లు వస్తాయో రావో ముందే ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని మాకు వచ్చింది.

మంచు దేశపు దొర

మా పై అధికారి ఆల్డన్ దొర. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఎండకు కమిలిన ముక్కుతో ఉండేవాడు. వాళ్ల దేశంలో ఆయన చేసిన పని విని నేను నోరు తెరిచాను. చలికాలంలో కొండమీద ఎంత మంచు పేరుకుందో కొలుస్తారట. ఎండలు మొదలయ్యాక ఆ మంచు కరిగి కింది సరస్సు ఎంత పెరుగుతుందో లెక్కగట్టి, ఒడ్డున ఉన్న ఊళ్లకు ముందే చెబుతారట.

చేరిన కొత్తలో నన్ను కొండల వైపు నిలబెట్టి, "సింహాచలం, ఇక్కడ మీ మంచు ఎక్కడుంది?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు. జవాబు కూడా తనే వెతుక్కున్నాడు. చిత్తడి అడవిలో ఆకులూ కొమ్మలూ తరతరాలుగా కుళ్లి మెత్తటి నేలయింది. అది వాన నీళ్లను పీల్చి దాచుకుంటుంది, నిండాక వదులుతుంది. "ఇదే మీ మంచు," అన్నాడు. అప్పటినుంచి వానాకాలానికి ముందు మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లి నేలలో గొట్టాలు దింపించి, ఎంత తడిగా ఉందో కొలిపించేవాడు. నేల ఎండిపోయి ఉంటే తొలి వానలు అందులోనే ఇంకిపోతాయి, తాసిక్ పెద్దగా పెరగదు. ముందే నిండి ఉంటే పడిన వాన పడినట్టే కిందికి దిగుతుంది. ఈ లెక్కతో ఆయన ఏటా ఒక అంచనా పంపేవాడు. దాన్ని ఊరి మధ్య పలకమీద అంటించేవారు, మైకులో చదివేవారు. రెండు మూడేళ్లు అది చక్కగా సరిపోయింది కూడా.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా రాయాలంటే ఈ కాగితాలు చాలవు. కోపం వస్తే గొంతు తగ్గించేవాడు, మేం హడలిపోయేవాళ్లం. కానీ నా లెక్క తప్పితే నలుగురి ముందు ఎప్పుడూ అనలేదు. తెల్లదొరలందరూ అలాగే ఉండేవారని నేను చెప్పను. ఉండేవారు కాదు. అలాంటివాడు దొరకడం నా అదృష్టం.

ఒకే సున్నా

నీటిమట్టం చూడటానికి ఒడ్డున అడుగులూ అంగుళాలూ రాసిన పలక పాతుతాం. తాసిక్ రేవులో ఒకటి ఉండేది, ఏరు నదిలో కలిసేచోట పోలీసు ఠాణా ముందు ఇంకొకటి. రెండూ వేర్వేరు కాలాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పాతినవి. ఇక్కడి సున్నాకూ అక్కడి సున్నాకూ పొంతన లేదు. అందుకని ఈ పలకలో ఎక్కువా, ఆ పలకలో ఎక్కువా అని పోల్చడానికి వీల్లేదు.

ఎండాకాలంలో దొర నన్ను పిలిచి, "రెండింటినీ ఒకే సున్నాకు తీసుకురా," అన్నాడు.

చెప్పడానికి ఒక్క మాట. చేయడమంటే లెవెల్ యంత్రాన్ని మూడుకాళ్ల మీద నిలబెట్టి, ముందొకచోట వెనకొకచోట కొలకర్ర పట్టించి, అందులోంచి చూసి రాసుకుని, యంత్రం ఎత్తుకుని నాలుగడుగులు ముందుకు పోయి మళ్లీ నిలబెట్టడం. ఏటి పొడుగునా అదే. జలగలు, బురద, ముళ్లు. పక్కన తుపాకులు పట్టిన కానిస్టేబుళ్లు. అడవిలో కొమ్మ విరిగిన చప్పుడైతే అందరం నేలకు కరుచుకునేవాళ్లం.

కొలకర్ర పట్టింది గోవిందన్న. బాగాన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో పుట్టినవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. మా ఇద్దరికీ మధ్య తెలుగు, మధ్యమధ్య అరవం. ఆయన నోటికి తాళం ఉండేది కాదు.

"ఈ ఏట్లో నీళ్లెటు పోతన్నాయో పసిపిల్లోడు సెప్తాడు తంబీ. తాసిక్ కాన్నించి నదిలోకి పోతన్నాయి. దీనికి గాజు పెట్టి సూడాలేటి?"

"దొర చూడమన్నాడు అన్నా."

"దొరకేటి, గొడుగు కింద కూకుంటాడు. జలగలు నా కాళ్లకి పట్టినాయి లా."

ఏటి చివరికి చేరి, కొలుచుకుంటూ వెనక్కి వచ్చి, బయలుదేరిన చోట లెక్క కలపాలి. తేడా వచ్చింది. వేలెడు కూడా లేదు. సర్దేసుకుంటే సరిపోయేది, అలా సర్దేవాళ్లు బోలెడుమంది ఉండేవారు. దొర మాత్రం గొంతు తగ్గించి, "ఇంకోసారి," అన్నాడు. గోవిందన్న తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మళ్లీ మొదటినుంచి చేశాం. ఈసారి కలిసింది. రెండు పలకలనూ ఊడపీకి, ఒకే సున్నాకు సరిచేసి పాతాం. మా ఆఫీసులో చాలామంది దాన్ని వృథా పని అనే అన్నారు.

ఎండ కాసిన రోజు

ఆ ఏడు అడవి నేల ఎండిపోయి ఉంది. తాసిక్ పైనున్న కొండల మీద వానలు పలచగా పడ్డాయి. దొర లెక్కగట్టి, ఈ వానాకాలం తాసిక్ మామూలు కంటే తక్కువే ఉంటుందని అంచనా పంపాడు. ఊరివాళ్లకు పండగే అయింది. చీనావాళ్లు నీళ్ల అంచుదాకా కూర మళ్లు వేసుకున్నారు. ఇళ్లన్నీ నేలమీద కట్టినవే కదా, బియ్యం బస్తాలూ ఎండుచేపల బుట్టలూ కిందే పెట్టుకున్నారు.

వానాకాలం మధ్యలో నేనూ గోవిందన్నా మామూలు తనిఖీకి వెళ్లాం. కొన్ని రోజులుగా తాసిక్ మీద చినుకు లేదు. ఆకాశం కడిగినట్టుంది. పొద్దున రేవు పలక చూశాను. నీళ్లు కొద్దిగా పెరిగాయి. వాన లేకుండా పెరగడమేమిటి? ఊరి ఆఫీసునుంచి ఠాణాకు ఫోను చేసి అక్కడి పలక ఎంత చూపిస్తోందో అడిగాను. చెప్పిన అంకె విని మళ్లీ చూసి రమ్మన్నాను. అదే అంకె చెప్పారు. నది దగ్గరి పలక తాసిక్ పలకకంటే ఎక్కువ చూపిస్తోంది. ఒకే సున్నా కాబట్టి దానికి ఒకటే అర్థం.

ఏటి వంతెన దగ్గరికి పరిగెత్తాం. నీళ్లు నిలబడిపోయి ఉన్నాయి. గోవిందన్న ఒక ఆకు తెంపి వేశాడు. అది కాసేపు అక్కడే తిరిగి, మెల్లగా మా వైపు, తాసిక్ వైపు బయలుదేరింది. తేయాకు కషాయంలా నల్లగా ఉండే ఏటి నీళ్ల కిందినుంచి బురద నీళ్లు పసుప్పచ్చగా తోసుకొస్తున్నాయి.

"అయ్యబాబో, ఏరు ఎనక్కొస్తంది తంబీ," అన్నాడు. ఆయన ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఎక్కడో దూరాన, నది పుట్టే కొండల మీద కుండపోతగా కురిసి ఉండాలి. ఆ నీళ్లకు నది ఉబ్బి, చాలక, ఏటిలోంచి తాసిక్‌లోకి ఎక్కుతోంది. దొర లెక్కలో పైనుంచి దిగే నీళ్లే ఉన్నాయి. ఆయన దేశంలో సరస్సుకు నీళ్లు కొండమీదినుంచే వస్తాయి. కిందినుంచి ఎదురెక్కి వస్తాయని ఆయనకు తట్టలేదు. ప్రతి ఏడూ కొద్దిగా వెనక్కి రావడం ఊరివాళ్లకు తెలుసు. ఇంత పెద్ద సర్కారుకు ఆ సంగతి తెలియకుండా ఉంటుందా అని వాళ్లు అనుకున్నారు. ఆ ఏడాది రాబోయేది మాత్రం కొద్దిగా కాదు.

పచ్చి బియ్యం

ఆ ఊరికి ఆఫీసరు రజాలి అనే మలాయి కుర్రవాడు. అందరూ ఎన్చిక్ రజాలి అనేవారు. ఎన్చిక్ అంటే గారు అన్నట్టే. అదే ఆయన మొదటి ఉద్యోగం, చొక్కా మడత నలగనిచ్చేవాడు కాదు. నేను చెప్పింది విని కిటికీలోంచి ఆకాశం చూశాడు. తర్వాత గోడమీది అంచనా కాగితం చూపించాడు.

"ఎన్చిక్ సింహాచలం, ఇది మీ ఆఫీసు పంపిందే కదా?"

"మాదే."

"ఇందులో తక్కువ అని ఉంది. మీరేమో ఊరంతా మునుగుతుందంటున్నారు. ఏది నమ్మమంటారు?"

"నన్ను నమ్మండి. మెరకకు పోయే బాట ముందు మునుగుతుంది. సాయంత్రానికి అది పోతే, ఆ తర్వాత మీరు గేటు తెరిచినా జనానికి నడిచే దారి ఉండదు."

ఆయనకు చెమటలు పట్టాయి. పాపం, ఆయన భయంలో తప్పేమీ లేదు. జనాన్నంతా కంచె దాటించి అడవి అంచుకు పంపాలి. నీళ్లు రాకపోతే, ఆ సందట్లో నాలుగు బస్తాలు దళాలకు చేరితే, ఆయన ఉద్యోగంతో పోదు, కటకటాలు లెక్కపెట్టాలి. నీళ్లు వచ్చి గేటు మూసి ఉంటే, పిల్లాజెల్లా అందరూ లోపలే. నా మాట ఒక్కటే ఆధారం.

ఆల్డన్ దొరకు ఫోను కలిపాం. నేను రెండు అంకెలూ చెప్పాను. ఆయన వెంటనే అడిగాడు.

"రెండు పలకల సున్నా ఒకటేనా?"

"ఒకటే సార్. మీరే రెండోసారి చేయించారు."

"అయితే నా అంచనా తప్పు," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఫోను ఆఫీసరుకు ఇవ్వు. ఆయన ఏం చేసినా నేను చెప్తే చేశాడని రాసి సంతకం పెడతాను."

రజాలి ఫోను పెట్టేసి తాళాల గుత్తి తీశాడు. మళ్లీ ఆగిపోయాడు. "మనుషుల్ని పంపుతాను. మరి బియ్యం? పచ్చి బియ్యం గేటు దాటించే అధికారం నాకే కాదు, జిల్లా ఆఫీసరుకు కూడా లేదు. మెరకమీద ఎన్నాళ్లుంటారో తెలియదు. ఏం తింటారు?"

అప్పటికే గుమ్మం ముందు జనం చేరారు. వాళ్లలోంచి మక్ లిమా అనే ఆవిడ లోపలికి వచ్చింది. మక్ అంటే అమ్మ. ఆవిడ భర్త పోయాక తనే పడవ నడిపి చేపలు పట్టి పిల్లల్ని సాకింది. ఊళ్లో ఆడవాళ్లంతా ఆవిడ మాట వినేవారు. ఆవిడ మలాయిలో అన్నమాటలు ఇవి.

"బియ్యమే కదా నీ భయం, నాయనా? వండేస్తాం లా. వండిన అన్నం అడవిలో ఎవడు దాచుకుంటాడు? రేపటికి పులుస్తుంది, ఎల్లుండికి పురుగు పడుతుంది."

రజాలి ఆవిడవైపు చూశాడు. అంత కంగారులోనూ నవ్వొచ్చింది ఆయనకు. "వండండి. ఇంటింటా వండండి. మిగిలిన బస్తాలు పోలీసులే పైకి మోస్తారు, కాపలా నేనుంటాను."

ఎండ మాడ్చేస్తుంటే ఊరంతా పొయ్యిలు వెలిగాయి. చీనా ఇళ్లలో పెద్ద మూకుళ్లు, మలాయి ఇళ్లలో కుండలు. ఏ పొయ్యి ఖాళీగా ఉంటే ఆ పొయ్యి మీద ఎవరి బియ్యమైనా పెట్టేశారు. అరిటాకుల్లో పొట్లాలు కట్టి బుట్టలకెత్తారు. గేటు దగ్గర కానిస్టేబుళ్లు పొట్లాలు విప్పి వేలితో నొక్కి చూసి వదిలారు. ముసలివాళ్లను వీపుమీద మోశారు. కోళ్లు, మేకలు, కుట్టుమిషన్లు, దేవుడి పటాలు అన్నీ కదిలాయి. చివరి మనుషులు వెళ్లేసరికి బాటమీద నీళ్లు మోకాలిదాకా వచ్చాయి. అందరికంటే వెనక వచ్చినవాడు రజాలి. ఆ చొక్కా మడత ఏమైందో నేను చూడలేదు.

మర్నాడు పొద్దున మెరకమీద నిలబడి చూస్తే ఊరి కప్పులు మాత్రం కనబడ్డాయి. కంచె ఎక్కడుందో తెలియలేదు. పైన ఎండ, చినుకు లేదు. ఒక్క ప్రాణం పోలేదు. మక్ లిమా ఒక పొట్లం విప్పి నా ముందు పెట్టింది, ఎండుచేప ముక్కతో. నా పక్కనే రజాలి, గోవిందన్న, ఒక చీనా ముసలాయన. అందరం ఒకే ఆకుమీద తిన్నాం. జీవితంలో ఎన్నో విందులు తిన్నాను గానీ ఆ పులిసిన అన్నం రుచి దేనికీ రాలేదు.

"దొర మల్లీ కొలమంటే ఎన్ని తిట్టినాను తంబీ," అన్నాడు గోవిందన్న నోట్లో ముద్దతోనే. "ఆడి కాళ్లకి దండవెట్టాలి లా."

ఆ దొర సాయంత్రానికి పోలీసు పడవలో వచ్చాడు. జనం ముందు నిలబడి, తన వచ్చీరాని మలాయిలో, "నేను చెప్పింది తప్పు. పైనుంచి వచ్చే నీళ్లు చూశాను. కిందనుంచి వచ్చేవి చూడలేదు. క్షమించండి," అన్నాడు. అక్కడున్న జాలరులను కూర్చోబెట్టుకుని, ఇదివరకు ఏరు ఎప్పుడెప్పుడు ఎంత వెనక్కి వచ్చిందో పొద్దుపోయేదాకా అడిగి రాసుకున్నాడు. రజాలికి మాత్రం పైనుంచి అక్షింతలు బాగానే పడ్డాయి. దొర మాట నిలబెట్టుకుని తన సంతకంతో రాసి పంపాడు కాబట్టి అక్షింతలతో సరిపోయింది.

చేరబోయేవాళ్లకు నాలుగు మాటలు

మా మనవరాలికీ, దాని వయసువాళ్లకూ చెప్పేది ఇదే. మీ దగ్గర ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, మీట నొక్కితే నది మొత్తం కనబడుతుంది. మంచిదే, నాకు అసూయగానే ఉంది. కానీ మీ పలకల సున్నాలు సరిగ్గా ఉన్నాయో లేదో వెళ్లి చూసుకోండి. ఎవరూ మెచ్చుకోని పని అది. చిన్న తేడా కదా అని సర్దేయకండి.

ఇంకోటి. మన ఆఫీసుల్లో గోడమీది పిల్లిలా మాట్లాడటం ఒక విద్య. పెరగవచ్చు, పెరగకపోవచ్చు, పరిస్థితులనుబట్టి ఉండును. అలాంటి అంచనా రాసినవాడికి ఏ ప్రమాదమూ రాదు, చదివినవాడికి ఏ ఉపయోగమూ ఉండదు. అలా రాసి పెద్ద కుర్చీలెక్కినవాళ్లను నేను చూశాను. వాళ్లమీద నాకు గౌరవం లేదు. ఇల్లు ఖాళీ చెయ్యాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్లకు అర్థమయ్యే మాటలో చెప్పాలి. వీలైతే మనిషి వెళ్లి చెప్పాలి. తప్పితే ఆ మనిషే మళ్లీ వెళ్లాలి.

ఆ చివరిది నాకు ఎలా తెలిసిందో చెప్పి ముగిస్తాను.

మెర్దెకా తర్వాత

మెర్దెకా వచ్చింది. మా దేశానికి స్వాతంత్ర్యం. కౌలాలంపూర్‌లో జనం గొంతులు పోయేలా అరిచారు, నేనూ అరిచాను. తాసిక్ ఊరికి కూడా కొన్నాళ్లకు గేటు తాళం పోయింది, ఆపైన కంచె పోయింది. పడవలు మళ్లీ గుమ్మాల దగ్గరికి వచ్చాయి. చాలామంది పాత ఒడ్డున ఇళ్లు వేసుకున్నారు. ఆల్డన్ దొర తన దేశానికి వెళ్లిపోయాడు. పోతూ నా భుజం తట్టి, "ఇక ఇది నీ మంచు," అన్నాడు. ఆయన ఓడ ఎక్కుతుంటే పోర్ట్ క్లాంగ్‌లో నిలబడి నేనూ గోవిందన్నా ఏడ్చాం. అంచనా చెప్పే పని నాకు వచ్చింది.

తర్వాత ఒక ఏడు, అన్ని లక్షణాలూ చెడుగానే కనబడ్డాయి. అడవి నేల నిండి ఉంది. నది పైభాగంలో వానలు కుమ్మేస్తున్నాయని కబురు. రెండు పలకల మధ్య తేడా రోజురోజుకూ తగ్గుతోంది. నేను స్వయంగా వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి, మెరకకు వెళ్లిపొమ్మని చెప్పాను. ఎవరూ ఎదురు అడగలేదు. వలలు, వంటసామాను, పిల్లలు, కోళ్లు, అన్నీ తీసుకుని వెళ్లారు.

నీళ్లు రాలేదు. వానలు ఎటో మళ్లిపోయాయి. నది తగ్గింది. తాసిక్ రేవు చెక్కలు కూడా తడవలేదు. చేపలు బాగా పడే రోజులు అవి, అవన్నీ మెరకమీద కూర్చుని పోగొట్టుకున్నారు. కావలి లేక కూర మళ్లను అడవి పందులు కుళ్లగించాయి. నేను ఆఫీసులో తల ఎత్తలేకపోయాను. ఊరికి మళ్లీ ఏ ముఖంతో వెళ్లాలో తెలియలేదు. ఇంకోసారి నేను వెళ్లి పొమ్మంటే ఎవరు కదులుతారు? కదలని ఏడాదే నీళ్లు వస్తే? నిద్ర పట్టేది కాదు. చివరికి గోవిందన్నే, "తిడితే తిడతారు, ఎల్దాం పద తంబీ," అని లేవదీశాడు.

మేం వెళ్లేసరికి మక్ లిమా అరుగుమీద కూర్చుని వల అల్లుతోంది. నన్ను చూసి చాప జరిపింది. నేను కూర్చోలేదు.

"మక్, ఈసారి నేను చెప్పింది..."

"నీళ్లు రాలేదు," అంది ఆవిడ.

"రాలేదు."

"రాలేదు కాబట్టి ఇల్లు ఉంది. అంతకంటే ఏం కావాలి? నువ్వు చెప్పింది నిజమవ్వాలని మేమేమైనా మొక్కుకున్నామా?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. ఆవిడ అది చూడనట్టే ముడి బిగించి, దారం పంటితో తెంపింది.

"వచ్చే ఏడు కాస్త ముందుగా వచ్చి చెప్పు. చేపలు ఎండబెట్టుకుని బయలుదేరతాం."